డొమినికన్ వింటర్ లీగ్ మ్యాచ్ చూడాలంటే ముందు షెడ్యూల్, తర్వాతే రిసార్ట్

మీరు అడిగింది ఇదీ: డిసెంబర్ చివరి వారంలో డల్లాస్ నుంచి డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానా వెళ్తున్నారు. పదేళ్ల బాబు లిటిల్ లీగ్‌లో ఆడతాడు, వాడికి ఒక వింటర్ లీగ్ బేస్‌బాల్ మ్యాచ్ చూపించాలని ఉంది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా వెంట ఉంటారు, నాన్నగారికి క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టదు. అందరూ శాకాహారులే. రిసార్ట్‌లో ఉంటూనే ఒక సాయంత్రం కారు మాట్లాడుకుని వెళ్లొస్తే సరిపోతుందా, సేఫేనా అని మీ సందేహం.

తప్పకుండా చూడండి. కానీ రిసార్ట్ నుంచి వెళ్లి అదే రాత్రి తిరిగొచ్చే ప్లాన్ మాత్రం వద్దు. మ్యాచ్ ఏ ఊళ్లో ఉంటే ఆ రాత్రి ఆ ఊళ్లోనే ఉండండి. నేను న్యూజెర్సీలో ఉంటాను, చలికాలంలో వీలు చిక్కితే ఈ మ్యాచ్‌ల కోసమే ఆ దేశం వెళ్లొస్తుంటాను. మన తెలుగువాళ్లు చాలామంది పుంటా కానా వెళ్లి బీచ్, బఫే చూసుకుని వచ్చేస్తారు. ఆ దేశం ప్రాణం పెట్టే ఆట రెండు గంటల దూరంలో జరుగుతోందని వాళ్లకి తెలియదు కూడా. అందుకే మీ ప్రశ్న చూడగానే వివరంగా రాయాలనిపించింది.

ముందు తేదీల సంగతి, ఎందుకంటే మీ ట్రిప్‌కి అసలు చిక్కు అక్కడే ఉంది. ఈ లీగ్‌ని అక్కడ లిడోమ్ అంటారు. మొత్తం ఆరు జట్లు. రెగ్యులర్ సీజన్ అక్టోబర్ మధ్యలో మొదలై సాధారణంగా డిసెంబర్ 22, 23 ప్రాంతంలో ముగుస్తుంది. ఆరింటిలో నాలుగు జట్లు తర్వాతి దశకి వెళ్తాయి. ప్రతి జట్టూ మిగతా మూడింటితోనూ ఆడే ఆ దశని రౌండ్ రాబిన్ అంటారు, అది డిసెంబర్ 27, 28 ప్రాంతంలో మొదలవుతుంది. అంటే సరిగ్గా క్రిస్మస్ రోజుల్లో, మనకి సెలవులు దొరికే సమయంలో, కొన్ని రోజులు మ్యాచ్‌లే ఉండవు. మీరు 23న దిగి 27న తిరిగొచ్చేలా టికెట్లు కొంటే మ్యాచ్ చూడకుండానే వచ్చేస్తారు. 27 తర్వాత కనీసం రెండు మూడు రాత్రులు అక్కడ ఉండేలా చూసుకోండి. న్యూ ఇయర్ ముందు రాత్రి మీద కూడా ఆశ పెట్టుకోకండి. టికెట్లు ఇంకా కొనలేదంటున్నారు కాబట్టి ఒక్క మాట: పిల్లాడి స్కూలుకి ఇబ్బంది లేకపోతే జనవరి మొదటి వారం అన్నిటికన్నా మంచిది. హోటల్ ధరలు కాస్త దిగుతాయి, మైదానంలో పోటీ వేడి పెరుగుతుంది.

ఆ వేడి ఎందుకో చెప్పాలి. అమెరికాలో మార్చిలో జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్ చూసినవాళ్లు వింటర్ లీగ్ కూడా అలాంటి ప్రాక్టీస్ ఆటే అనుకుంటారు. నిజానికి పూర్తిగా ఉల్టా. స్ప్రింగ్ ట్రైనింగ్‌లో ఎవరు గెలిచారో ఎవరికీ పట్టదు. ఇక్కడ గెలుపు తప్ప ఇంకేదీ పట్టదు. అమెరికా పెద్ద లీగ్ అయిన మేజర్ లీగ్ సీజన్‌లో ఒక జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది, పది ఓడినా కోలుకునే టైమ్ ఉంటుంది. లిడోమ్ రెగ్యులర్ సీజన్ 50 మ్యాచ్‌లే, రౌండ్ రాబిన్‌లో ఒక్కో జట్టుకి 18. వరసగా వారం రోజులు ఓడితే మేనేజర్‌ని తీసేస్తారు, సీజన్ మధ్యలోనే. కాబట్టి రెండో ఇన్నింగ్స్‌లోనే బంట్ (బంతిని బ్యాట్‌తో మెల్లగా తాకించి వదిలేయడం) ఆడిస్తారు, రెండు హిట్లు పడితే ఆట మొదలుపెట్టిన పిచ్చర్‌ని, అంటే బంతి విసిరేవాణ్ణి, దింపేస్తారు, ఎనిమిదో తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం దాచుకునే క్లోజర్ అనే చివరి పిచ్చర్‌ని ఏడో ఇన్నింగ్స్‌లోనే తెచ్చేస్తారు. మీ బాబుకి ఆట తెలుసు కదా, ఈ తేడా వాడే ముందు పట్టేస్తాడు.

స్టార్ ఆటగాళ్ల గురించి ముందే మనసు సిద్ధం చేయండి. 2025 మేజర్ లీగ్ సీజన్ మొదటి రోజున జట్లలో డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టినవాళ్లు 100 మంది ఉన్నారు. కానీ వాళ్లలో పెద్ద పేర్లన్నీ చలికాలం ఇక్కడ ఆడవు. అలసట ఎక్కువైన ఆటగాళ్లని, ముఖ్యంగా పిచ్చర్లని, మేజర్ లీగ్ క్లబ్బులు ఆపేస్తాయి. ఆడేవాళ్లు కూడా చాలామంది డిసెంబర్‌లోనే జట్టులో చేరతారు. ఫలానా ఆటగాడు ఉంటాడని బాబుకి ముందే మాటివ్వకండి. అయితే రేపటి స్టార్‌ని ఇవాళే చూసే అవకాశం మాత్రం బాగా ఉంటుంది. 2025 జనవరిలో ఫైనల్ ఏడో మ్యాచ్‌లో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, జూనియర్ కామినేరో అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు హోమ్ రన్ కొట్టి ఎస్కొహీదో జట్టుకి కప్పు తెచ్చిపెట్టాడు. అదే ఏడాది మేజర్ లీగ్‌లో టాంపా బే రేస్ తరఫున 45 హోమ్ రన్లు కొట్టాడు.

ఇప్పుడు ఎక్కడ చూడాలన్న సంగతి. పుంటా కానాలో స్టేడియం లేదు. దగ్గరలో ఉన్నది లా రొమానా, కారులో గంట, గంటంబావు. అక్కడి జట్టు తోరోస్ డెల్ ఎస్తే, నారింజ రంగు చొక్కాలు. ఇంకొంచెం ముందుకెళ్తే సాన్ పెడ్రో డి మకోరిస్, ఎస్త్రేయాస్ ఒరియెంతాలెస్ అనే జట్టు, ఆకుపచ్చ రంగు, ఏనుగు గుర్తు. ఆ తర్వాత రాజధాని శాంటో డొమింగో, పుంటా కానా నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. హైవే బాగుంటుంది, రెండున్నర గంటలు పెట్టుకోండి. రాజధానిలో రెండు జట్లున్నాయి, నీలం రంగు లిసే, ఎరుపు రంగు ఎస్కొహీదో. రెండింటికీ సొంత మైదానం ఒక్కటే, కిస్కేయా స్టేడియం. మిగతా రెండు జట్లు ఉత్తరాన సిబావో ప్రాంతంలో ఉన్నాయి. సాంటియాగోలో పసుపు రంగు ఆగిలాస్‌కి ఉన్న స్టేడియం దేశంలో కెల్లా పెద్దది, కానీ పుంటా కానా నుంచి అది మీకు చాలా దూరం. ఈసారికి వదిలేయండి.

మీ కుటుంబానికైతే నా మొదటి ఓటు సాన్ పెడ్రోకి. దానికి కారణం బాబు కాదు, మీ నాన్నగారు. ఆ ఊరు చెరకు మిల్లుల ఊరు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సెయింట్ కిట్స్, నీవిస్, ఆంగ్విల్లా, టోర్టోలా లాంటి బ్రిటిష్ దీవుల నుంచి కూలీలు చెరకు నరకడానికి, మిల్లుల్లో పని చేయడానికి అక్కడికి వచ్చారు. వస్తూ వస్తూ క్రికెట్ తెచ్చుకున్నారు. మిల్లుల పక్క వాడల్లో క్రికెట్ ఆడేవారు. వాళ్ల పిల్లలు, మనవలు మెల్లగా బేస్‌బాల్‌కి మారారు. ఆ ఒక్క ఊరి నుంచి వచ్చిన మేజర్ లీగ్ ఆటగాళ్ల పేర్లు చూస్తే కళ్లు తిరుగుతాయి: సామీ సోసా, టోనీ ఫెర్నాండెజ్, అల్ఫోన్సో సోరియానో, రాబిన్సన్ కానో, ఫెర్నాండో తాతీస్ జూనియర్. నాన్నగారికి ఈ కథ దారిలో కారులో చెప్పండి, మైదానంలో ఫీల్డర్ల చేతులు చూసే తీరే మారిపోతుంది. నేల మీద దూకుతూ వచ్చే బంతిని షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఒడిసి పట్టి, నిలబడకుండానే విసరడం చూసి పాయింట్‌లో ఫీల్డింగ్ గురించి ఆయనే మొదలుపెడతారు.

ఆ కూలీల వారసుల్ని అక్కడ కోకోలోలు అంటారు. వాళ్ల గులోయాస్ అనే నాట్య సంప్రదాయాన్ని 2005లో యునెస్కో గుర్తించింది. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ వరకు ఈ బృందాలు సాన్ పెడ్రో వీధుల్లో తిరుగుతాయి. నెమలి ఈకల టోపీలు, చిన్న చిన్న అద్దాలు కుట్టిన అంగరఖాలు, డప్పులు, పిల్లనగ్రోవి. మీరు వెళ్లే రోజులకి సరిగ్గా అతుకుతుంది. మధ్యాహ్నానికే ఊరు చేరితే అదీ చూడొచ్చు.

సాన్ పెడ్రో జనానికి వాళ్ల జట్టంటే ఎంత పిచ్చో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 1968లో కప్పు గెలిచిన ఎస్త్రేయాస్ మళ్లీ గెలిచింది 2019 జనవరిలో. 51 ఏళ్లు. ఆ గెలిచిన జట్టుకి మేనేజర్ ఫెర్నాండో తాతీస్, షార్ట్‌స్టాప్ ఆయన కొడుకు. తాత చూసిన కప్పు మనవడికి పెళ్లీడు వచ్చేదాకా మళ్లీ రాలేదు, అయినా స్టేడియం ఖాళీ చేయలేదు ఆ ఊరు. తెతెలో వార్గస్ స్టేడియం చిన్నది. ఎక్కడ కూర్చున్నా డగౌట్‌లో, అంటే ఆటగాళ్లు కూర్చునే చోట, మాటలు వినిపిస్తాయా అన్నంత దగ్గరగా ఉంటుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇది పెద్ద వరం.

అయితే ఒక మెలిక ఉంది. రౌండ్ రాబిన్‌కి నాలుగు జట్లే వెళ్తాయని చెప్పాను కదా. ఆ ఏడాది ఎస్త్రేయాస్, తోరోస్ రెండూ బయటకి పోతే మీకు దగ్గర స్టేడియాల్లో మ్యాచ్‌లే ఉండవు. అందుకే హోటల్‌ని క్యాన్సిల్ చేసుకునే వీలుండేలా బుక్ చేయండి. రెగ్యులర్ సీజన్ అయిపోయిన మర్నాడు లీగ్ వెబ్‌సైట్‌లో కొత్త షెడ్యూల్ చూసి ఊరు ఖాయం చేసుకోండి. రాజధానికి ఈ బెడద తక్కువ, రెండు జట్లలో ఒకటైనా సాధారణంగా రౌండ్ రాబిన్‌లో ఉంటుంది.

రెండూ ఉండి, అవి రెండూ తలపడే రోజు మీకు దొరికితే ఇంకేమీ ఆలోచించకండి. సాన్ పెడ్రో గురించి పైన రాసిందంతా పక్కన పెట్టి రాజధానికి వెళ్లిపోండి. లిసే 1907లో పుట్టిన క్లబ్. దాన్ని ఎలాగైనా ఓడించాలని 1921లో మిగతా క్లబ్బుల్లోంచి మంచి ఆటగాళ్లని ఏరి తయారు చేసిన జట్టు ఎస్కొహీదో. వందేళ్లుగా ఆ పగ చల్లారలేదు. మధ్యలో ఒక్కసారే రెండూ కలిశాయి. 1937లో నియంత ట్రుహీయో తన పేరు పెట్టుకున్న రాజధాని కోసం రెండు జట్లనీ కలిపేసి, అమెరికాలో నల్లజాతి ఆటగాళ్లు ఆడే నీగ్రో లీగ్స్ నుంచి సాచెల్ పేజ్, జాష్ గిబ్సన్ లాంటి మహామహుల్ని డబ్బు కుమ్మరించి తెప్పించాడు. ఆ ఖర్చుకి క్లబ్బులు చితికిపోయి 1951 దాకా దేశంలో ప్రొఫెషనల్ బేస్‌బాలే లేదు. ఇప్పటి కిస్కేయా కూడా అతని కాలంలో, 1955లో కట్టిందే. లీగ్ వేసవి నుంచి చలికాలానికి మారింది కూడా అప్పుడే. 2015 నుంచి ఆ స్టేడియానికి హువాన్ మరిచాల్ పేరు జోడించారు, అమెరికా బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కిన మొదటి డొమినికన్ ఆటగాడు ఆయనే.

ఈ రెండు జట్ల మ్యాచ్‌లో మీ వెనక వరసలో నీలం చొక్కా, పక్క సీట్లో ఎరుపు చొక్కా, ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. ఒకసారి నా ముందు కూర్చున్న పెద్దాయన చెవిలో చిన్న రేడియో పెట్టుకుని, కళ్ల ముందు జరుగుతున్న ఆటకే కామెంటరీ వింటున్నాడు. ఎరుపు జట్టు పిచ్చర్ గురి తప్పిన బంతులేసి ఎవరినైనా ఊరికే మొదటి బేస్‌కి పంపిస్తే చాలు, లేచి వెనక్కి తిరిగి కూతురి ఎర్ర టోపీ మీద వేలితో ఒక్కటి పొడిచేవాడు. ఆమె పళ్లు బిగబట్టి మైదానం వైపే చూసేది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఎస్కొహీదో మూడు పరుగులు చేసింది. ఆమె ఏమీ అనలేదు. తన టోపీ తీసి ఆయన నెత్తిన పెట్టింది. మా వరస వరసంతా లేచి గంతులేసింది, ఏ జట్టు వాళ్లన్న తేడా లేకుండా. ఇన్నింగ్స్‌కీ ఇన్నింగ్స్‌కీ మధ్య స్పీకర్లలో అక్కడి మెరెంగే సంగీతం, డగౌట్ల మీద డాన్సర్లు, పైనెక్కడో బాజాలు. అమ్మగారికి చప్పుడు పడదనుకుంటే ఇయర్ ప్లగ్స్ పట్టుకెళ్లండి, ఇది మాటవరసకి చెప్పడం లేదు.

స్టాండ్స్‌లో ఒకచోట మగవాళ్లు గుంపుగా నిలబడి వేళ్లు చూపిస్తూ కేకలేస్తుంటారు. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర చూసినట్టే ఉంటుంది, నిజానికి అదీ పందెమే. తర్వాతి బంతికి ఏమవుతుందన్నదాని మీద కూడా కాస్తుంటారు. చూడండి, కానీ దూరంగా.

టికెట్లు క్లబ్ వెబ్‌సైట్‌లో గానీ స్టేడియం కౌంటర్‌లో గానీ కొనండి. గేటు బయట చేతుల్లో పట్టుకుని అమ్మేవాళ్ల దగ్గర వద్దు. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక ఉండే సీట్లని పాల్కో అంటారు. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్నప్పుడు అవే తీసుకోండి, అమెరికాలో ఇలాంటి సీటుకి పెట్టే దాంతో పోలిస్తే చాలా తక్కువ. మామూలు రోజుల్లో అదే రోజు దొరుకుతాయి. లిసే, ఎస్కొహీదో మ్యాచ్‌కి, ఫైనల్స్‌కి మాత్రం ముందే కొనాలి. లోపలికి వెళ్లగానే ఒకతను గుడ్డతో మీ సీటు తుడిచి చూపిస్తాడు, ఏదైనా ఇవ్వడం అక్కడి మర్యాద. చిన్న పేసో నోట్లు దగ్గర ఉంచుకోండి. డాలర్‌కి అటూ ఇటుగా 60 పేసోలు వస్తాయి. అందరూ డాలర్లు తీసుకుంటారు గానీ లెక్క మీకు నష్టంగా వేస్తారు.

మామూలు రోజుల్లో మ్యాచ్ రాత్రి ఏడుంబావు, ఏడున్నర ప్రాంతంలో మొదలై మూడు గంటలు దాటుతుంది. ఆదివారమైతే సాయంత్రం అయిదు ప్రాంతంలోనే మొదలవుతుంది. పిల్లాడు నిద్రకి ఆగడనుకుంటే ఆదివారం పట్టుకోండి. రాత్రి పదకొండుకి బయటపడి, అలసిన డ్రైవర్‌తో పుంటా కానాకి రెండున్నర గంటలు ప్రయాణం చేయడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఆ దేశంలో నిజంగా జాగ్రత్త పడాల్సింది దొంగల కన్నా రోడ్ల మీదే, ముఖ్యంగా చీకటి పడ్డాక. లైట్లు లేని మోటార్ సైకిళ్లు ఎదురొస్తాయి. రాజధానిలో ఉంటే పాత నగరం జోనా కొలోనియాల్‌లో గది తీసుకోండి. పగలంతా అక్కడ నడిచి తిరగొచ్చు, సాయంత్రం ఊబర్ ఎక్కితే స్టేడియం. తిరుగు ప్రయాణంలో గేటు ముందు తొక్కిసలాటలో నిలబడకుండా కాస్త నడిచి పెద్ద రోడ్డు మీదకొచ్చి కారు పిలవండి. సాన్ పెడ్రో, లా రొమానాల్లో అయితే వెళ్లేటప్పుడే తిరుగు టాక్సీ మాట్లాడి పెట్టుకోండి. నగలు హోటల్‌లోనే వదిలేయండి. అంతకు మించి భయపడాల్సింది లేదు. స్టేడియం లోపల చంటిపిల్లల్ని ఎత్తుకుని వచ్చే కుటుంబాలే ఎక్కువ.

తిండి విషయంలో ఆశలు తక్కువ పెట్టుకోండి. అక్కడ అందరూ తినే కీపె, పస్తెలీతో, ఎంపనాదా అన్నిట్లోనూ దాదాపు మాంసమే. కార్నే వద్దంటే గొడ్డుమాంసం వద్దని అర్థం చేసుకుని చికెన్ పెట్టిస్తారు. అందుకని ‘నీ కార్నే, నీ పోయో, నీ పెస్కాదో’ అని మూడూ చెప్పండి: మాంసం, కోడి, చేప, ఏదీ వద్దని. తొస్తోనెస్ అని పచ్చి అరటికాయని నొక్కి రెండుసార్లు వేయించి ఇస్తారు, మన అమ్మలకి తప్పకుండా నచ్చుతుంది. వేయించిన జున్ను ముక్కలు, వేరుశనగలు దొరుకుతాయి. వేయించే నూనె వేరుగా ఉండదు, అది పట్టింపు ఉంటే హోటల్‌లోనే తినేసి వెళ్లండి.

వీసా గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నా, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డ్ గానీ ఉంటే టూరిస్టుగా డొమినికన్ రిపబ్లిక్‌కి వేరే వీసా అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఈ-టికెట్ అనే ఫారం నింపాలి, అది ఉచితం. డబ్బులడిగే సైట్ కనిపిస్తే అది అసలుది కాదు. చిక్కల్లా తిరిగి రావడంలోనే. మీరు హెచ్1బీలో ఉండి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి ఉంటే, చేతిలో అప్రూవల్ నోటీస్ ఉన్నా అక్కడి నుంచి అమెరికా విమానం ఎక్కలేరు. కెనడా, మెక్సికోలకి కొద్ది రోజులు వెళ్లొచ్చేవాళ్లకి ఉన్న వెసులుబాటు హెచ్1బీ వాళ్లకి ఈ దీవుల విషయంలో వర్తించదు. అమ్మానాన్నల వీసా మల్టిపుల్ ఎంట్రీయో కాదో కూడా చూడండి. టికెట్ కొనే ముందు లాయర్‌ని ఒక్కమాట అడగండి.

చెల్లే స్టాంపింగ్ లేకపోతే ప్యూర్టో రికో ఉంది. అది అమెరికాలో భాగమే కాబట్టి డల్లాస్ నుంచి డొమెస్టిక్ ప్రయాణం. అయినా పాస్‌పోర్ట్, అప్రూవల్ కాగితాలు వెంట ఉంచుకోండి, ఎయిర్‌పోర్ట్‌లో అడిగే అవకాశం ఉంటుంది. అక్కడి లీగ్ పేరే రొబెర్తో క్లెమెంతే లీగ్. నికరాగువా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తూ 1972 డిసెంబర్ 31న విమాన ప్రమాదంలో పోయిన ప్యూర్టో రికో బేస్‌బాల్ స్టార్, మహానుభావుడు ఆయన. రాజధాని సాన్ హువాన్‌లో 1962 నాటి హిరామ్ బితోర్న్ స్టేడియం పెద్ద షాపింగ్ మాల్‌కి దగ్గరలోనే ఉంటుంది. అరగంట దూరంలో కాగువాస్ జట్టుంది. జనం పలుచగా ఉంటారు, కేకలు తక్కువ, ఇంగ్లిష్‌తో పని గడిచిపోతుంది. అమ్మగారికి ఇదే సుఖం. కానీ బాబుకి చూపించాలనుకున్న ఆ వేడి కిస్కేయాలోనే ఉంది, వీసా అడ్డు లేకపోతే అటే వెళ్లండి.

క్రూజ్‌లో వెళ్లి ఓడ ఆగిన పూట మ్యాచ్ చూసొస్తామని కొందరు అడుగుతుంటారు. లా రొమానాలో, ప్యూర్టో ప్లాటాలో ఓడలు ఆగుతాయి గానీ, చాలావరకు సాయంత్రానికే కదిలిపోతాయి. ఆట మొదలయ్యేది ఆ తర్వాతే. ఆ ఆలోచన మానుకోండి.

బాబు గ్లవ్ తప్పకుండా బ్యాగులో పెట్టండి. గేట్లు తెరవగానే లోపలికి వెళ్తే బ్యాటింగ్ ప్రాక్టీస్ చివర్లో కొంత దొరుకుతుంది, రెయిలింగ్ దగ్గర పిల్లలకి ఆటగాళ్లు బంతులు విసురుతారు. వాడి వయసు డొమినికన్ పిల్లలు పదిమంది పక్కనే ఉంటారు, భాష రాకపోయినా గ్లవ్ ఉంటే చాలు. తేదీలు, అందరి వీసా పరిస్థితి ఇక్కడ రాస్తే ఏ రోజు ఏ ఊరు బాగుంటుందో షెడ్యూల్ చూసి చెప్తాను.